మూడో చెయ్యి లేని పని
గండిపేట చెరువు అవతల ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడలు మెరుస్తుంటాయి. నా చూపు మాత్రం ఇవతల ఒడ్డున థర్మకోల్ తెప్ప కడుతున్న జాలరి చేతుల మీదే. దిమ్మలు పేర్చి, పట్టా చుట్టి, నైలాన్ తాడుతో బిగించి, ముడి కొసలన్నీ అడుగుకు తోస్తాడు. పైకి తేలిన కొస ఏదైనా వలకు తగులుకుంటుంది మరి. అసలు పనితనం వల సర్దడంలో ఉంది. బెండ్ల తాడు ఒక పక్కకు, సీసపు గుండ్ల తాడు ఇంకో పక్కకు, నడుమ వల చీర కుచ్చిళ్లలా మడతలు మడతలుగా. నీళ్లమీద ఒక చేతికి తెడ్డు, ఒక చేతికి వల. చిక్కు విప్పడానికి మూడోది ఉండదు. (మా ఆఫీసు బల్ల కింది చిక్కుపడ్డ వైర్లు గుర్తొచ్చాయి.) పొద్దున్నే వల తీస్తూ, రవ్వ చేప మొప్పల్లో దిగిన పోగును వేలికొసతో తప్పిస్తాడు. చేప నలగదు, వల కన్ను తెగదు.