కంపైలర్‌ను దాని భాషలోనే నిలదీయాలి

1 పెద్దదా, 255 పెద్దదా? ఉబుంటు 8.04.1తో పాటు వచ్చిన జీసీసీ కంపైలర్ ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పింది. అదేమీ చిక్కు ప్రోగ్రాం కాదు, సి భాషలో మూడు లైన్ల ఫంక్షన్. మొదటి లైన్‌లో సైన్డ్ క్యార్ రకం వేరియబుల్‌లో 1 పెట్టారు. రెండో లైన్‌లో అన్‌సైన్డ్ క్యార్ రకం వేరియబుల్‌లో 255 పెట్టారు. మొదటిది రెండోదాని కంటే పెద్దదా అని మూడో లైన్ అడుగుతుంది. సి నియమాల ప్రకారం పోల్చేముందు రెండూ మామూలు పూర్ణాంకాలుగా మారాలి కాబట్టి జవాబు 0, అంటే ‘కాదు’ అని రావాలి. ఆప్టిమైజేషన్ ఏ స్థాయిలో పెట్టినా 1 వచ్చింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. అసలు జీసీసీలో ఈ తప్పు లేదు. ఉబుంటు కోసం దాని మీద వేసిన ప్యాచ్‌లతో వచ్చి చేరింది.

కంపైలర్ క్రాష్ అయితే వెంటనే తెలుస్తుంది, ప్రోగ్రామర్ కోడ్ కాస్త మార్చి గట్టెక్కుతాడు. చప్పుడు చేయకుండా తప్పు మెషీన్ కోడ్ తయారుచేస్తే మాత్రం అనుమానం ముందుగా ప్రోగ్రామర్ మీదికే పోతుంది. తప్పు లేని లాజిక్‌నే అతను పదేపదే తిరగేస్తూ కూర్చుంటాడు. కారు బ్రేకుల్లో, ఆస్పత్రి యంత్రాల్లో, బ్యాంకు సర్వర్లలో నడిచే సాఫ్ట్‌వేర్ ఏదో ఒక కంపైలర్ చేతి మీదుగా రావాల్సిందే. అందుకే కంపైలర్‌ను యాదృచ్ఛికంగా పుట్టించిన ప్రోగ్రాములతో పరీక్షించే విద్య అర్ధశతాబ్దానికి పైగా సాగుతోంది. 1970లో హాన్‌ఫర్డ్, 1972లో పర్డమ్ భాషావ్యాకరణం నుంచి పరీక్షలు పుట్టించే పద్ధతులను ప్రచురించారు. ఇన్నేళ్లలో ఈ విద్య తేల్చిచెప్పిన మాట ఒకటుంది: కంపైలర్‌ను లోతుగా పరీక్షించాలంటే పరీక్షకు ఆ భాష క్షుణ్ణంగా తెలిసి ఉండాలి.

ఇలా యాదృచ్ఛిక ఇన్‌పుట్‌లతో పరీక్షించడాన్ని ఫజింగ్ అంటారు. ఆ పేరు మాత్రం భాష అక్కర్లేని పరీక్షతోనే వచ్చింది. 1988లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ బార్టన్ మిల్లర్ ఉరుముల వాన కురుస్తున్న రాత్రి ఫోన్ లైన్ మీద యూనిక్స్ కంప్యూటర్‌తో పనిచేస్తుంటే, లైన్‌లోని రొద వల్ల పిచ్చి అక్షరాలు చొరబడి ప్రోగ్రాములు కూలిపోయాయి. ఆయన దాన్నే విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇచ్చారు. యాదృచ్ఛిక అక్షరాలు తినిపిస్తే యూనిక్స్ యుటిలిటీల్లో పావు నుంచి మూడో వంతు దాకా కూలిపోయాయని 1990లో ప్రకటించారు.

అదే రొదను కంపైలర్‌కు ఇస్తే గుమ్మంలోనే ఆగిపోతుంది. కంపైలర్ ముందు అక్షరాలను పదాలుగా విడదీస్తుంది, తర్వాత వాక్యనిర్మాణం చూస్తుంది, ఆపైన టైపులు సరిపోయాయో లేదో చూస్తుంది. ఆ తర్వాతే ఆప్టిమైజర్‌కూ కోడ్ జనరేటర్‌కూ పని పడుతుంది. ప్రమాదకరమైన తప్పులు దాక్కునేది ఎక్కువగా అక్కడే. 1998లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసిన విలియం మెకీమన్ సి కంపైలర్ పరీక్షలకు ఏడు మెట్లు చెప్పారు. కింది మెట్టు వట్టి అక్షరాల వరుస. దాని మీద పదాల వరుస, తర్వాత వ్యాకరణం కుదిరిన ప్రోగ్రాం, తర్వాత టైపులు కుదిరిన ప్రోగ్రాం. ఇలా మెట్టు ఎక్కిన కొద్దీ పరీక్ష కంపైలర్ లోపలి గదుల్లోకి వెళుతుంది. అవధానంలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడికి ఛందస్సూ వ్యాకరణమూ తెలియకపోతే అవధానిని ఇరుకున పెట్టలేడు. కంపైలర్ ముందు కూర్చునే పృచ్ఛకుడికీ అంతే.

పై మెట్ల దాకా ఎక్కి చూపించిన పని సీస్మిత్. యూటా విశ్వవిద్యాలయంలో షుజున్ యాంగ్, యాంగ్ చెన్, ఎరిక్ ఐడ్, జాన్ రెగర్ దీన్ని తయారుచేసి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఇది పాయింటర్లు, స్ట్రక్చర్లు, లూపులు, ఫంక్షన్లతో కూడిన సి ప్రోగ్రాములను దానంతటదే రాస్తుంది. వ్యాకరణం కుదరడం సులువైన భాగం. అసలు కష్టం అర్థం దగ్గర ఉంది. సి ప్రమాణం కొన్ని పనులకు ఫలితం ఏమిటో నిర్వచించకుండా వదిలేసింది. సున్నాతో భాగించడం, సైన్డ్ పూర్ణాంకం హద్దు దాటడం, విలువ పెట్టని వేరియబుల్‌ను చదవడం అలాంటివే. 1999 నాటి ప్రమాణంలో ఈ తరహావి 191 ఉన్నాయి. ప్రోగ్రాంలో వాటిలో ఒక్కటి జొరబడినా కంపైలర్ ఏం చేసినా ఒప్పే, ఇక దాన్ని తప్పుపట్టే వీలుండదు.

అందుకే సీస్మిత్ రాసే ప్రతి భాగహారం ఒక రక్షక ఫంక్షన్ గుండా వెళుతుంది. హారం సున్నా అయినా, అతి చిన్న పూర్ణాంకాన్ని -1తో భాగించాల్సి వచ్చినా ఆ ఫంక్షన్ భాగించకుండా తప్పిస్తుంది. ఏ పాయింటర్ ఎక్కడికి చూపిస్తోందో ప్రోగ్రాం రాస్తుండగానే సీస్మిత్ లెక్క పెట్టుకుంటుంది. చివర్లో పాయింటర్లు కాని గ్లోబల్ వేరియబుల్స్ విలువలన్నిటినీ కలిపి ఒక చెక్‌సమ్ ప్రింట్ చేయిస్తుంది. అదే ప్రోగ్రాంను వేర్వేరు కంపైలర్లతో, వేర్వేరు ఆప్టిమైజేషన్ స్థాయిల్లో కంపైల్ చేసి నడిపిస్తారు. ఆ ఒక్క అంకె అందరికీ ఒకటే రావాలి, తేడా వస్తే ఎవరో తప్పు చేశారు. సరైన జవాబు ముందుగా తెలియకుండానే తప్పు బయటపడుతుంది. మెజారిటీ కంపైలర్లు కలిసి ఒకే తప్పు జవాబు చెప్పిన సందర్భం తమకు ఎదురుకాలేదని ఆ బృందం రాసింది.

మూడేళ్లలో అప్పటిదాకా ఎవరికీ తెలియని 325కు పైగా బగ్‌లను వారు కంపైలర్ల తయారీదారులకు నివేదించారు. పరీక్షించిన ప్రతి కంపైలరూ ఏదో ఒక ప్రోగ్రాం దగ్గర కూలిపోయింది, ఏదో ఒక ప్రోగ్రాంకు చప్పుడు లేకుండా తప్పు కోడ్ ఇచ్చింది.

సీస్మిత్ దారి ఒక్కటే కాదు. 2012లో హోలర్, హెర్జిగ్, జెల్లర్ తెచ్చిన లాంగ్‌ఫజ్ పాత టెస్టుల్లోని కోడ్ ముక్కలను విడదీసి, వ్యాకరణం చెడకుండా కొత్తగా అతుకుతుంది. ఒకప్పుడు బగ్ బయటపెట్టిన కోడ్ పక్కనే ఇంకో బగ్ ఉండే అవకాశం ఎక్కువని వారి నమ్మకం, మొజిల్లా జావాస్క్రిప్ట్ ఇంజన్ మీద అది నిజమైంది. ఏఎఫ్‌ఎల్ వంటి ఫజర్లు ఏ ఇన్‌పుట్ ఇస్తే కంపైలర్‌లో కొత్త దారి తెరుచుకుందో గమనించి దాన్నే ఇంకా మారుస్తూ పోతాయి. బిట్లను గుడ్డిగా తిప్పే బదులు షరతు తిరగేయడం, ఒక స్టేట్‌మెంట్ తీసేయడం, ఆపరేటర్ మార్చడం వంటి కోడ్ తెలిసిన మార్పులు నేర్పితే వాటి పదును పెరుగుతుంది. ఎథీరియం స్మార్ట్ కాంట్రాక్టులు రాసే సాలిడిటీ భాష కంపైలర్ మీద ఈ పద్ధతి మంచి ఫలితాలిచ్చింది.

నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది 2014లో వూ లే, మెహర్దాద్ అఫ్షారీ, జెండాంగ్ సూ చేసిన ఆలోచన. ఒక ప్రోగ్రాంను ఒక ఇన్‌పుట్‌తో నడిపి ఏ లైన్లు నడవలేదో గుర్తించాలి. వాటిలో కొన్నిటిని తీసేసి మళ్లీ కంపైల్ చేయాలి. నడవని లైన్లే పోయాయి కాబట్టి అదే ఇన్‌పుట్‌కు ఫలితం మారకూడదు. కంపైలర్‌కు మాత్రం అది వేరే ప్రోగ్రాం, ఆప్టిమైజర్ వేరే దారిలో వెళ్లవచ్చు. ఫలితం మారిందంటే తప్పు కంపైలర్‌దే. పోల్చడానికి రెండో కంపైలర్ కూడా అక్కర్లేదు. ఈ పద్ధతితో 11 నెలల్లో జీసీసీ, ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్లలో 147 బగ్‌లు నిర్ధారణ అయ్యాయి.

బగ్ దొరకడంతో పని అయిపోదు. సీస్మిత్ బృందానికి ఎక్కువ బగ్‌లు సగటున 81 కిలోబైట్ల ప్రోగ్రాములతో దొరికాయి. అంత కోడ్ చేతిలో పెడితే ఏ కంపైలర్ డెవలపరూ చదవడు. 2012లో వచ్చిన సీ-రెడ్యూస్ దాన్ని కొద్దికొద్దిగా కత్తిరిస్తూ, కత్తిరించిన ప్రతిసారీ బగ్ ఇంకా ఉందా అని చూస్తూ కొన్ని లైన్లకు తెస్తుంది. ఇక్కడా భాష తెలియాలి. విలువ పెట్టే లైన్ పోయి వాడే లైన్ మిగిలితే ఆ ప్రోగ్రామే చెల్లదు, దానితో కంపైలర్ మీద ఫిర్యాదు చేయలేం.

మనిషి రాయని ప్రోగ్రాముల్లో దొరికిన బగ్‌లు ఎవరికి అవసరం అని అడిగేవారున్నారు. సీస్మిత్ బృందం చూపిన బగ్‌లలో 25ను జీసీసీ డెవలపర్లు విడుదలనే ఆపే అత్యున్నత ప్రాధాన్యంలో పెట్టారు. ఇంతకంటే గట్టి జవాబు కాంప్‌సర్ట్ ఇచ్చింది. ఫ్రాన్స్‌లో జేవియర్ లెరాయ్ నాయకత్వంలో గణిత నిరూపణతో కట్టిన కంపైలర్ అది. సీస్మిత్ దాని నిరూపించని భాగాల్లో తప్పులు పట్టింది. నిరూపించిన మధ్యభాగంలో ఆరు సీపీయూ సంవత్సరాలు వెతికినా తప్పు కోడ్ ఇచ్చే బగ్ ఒక్కటీ దొరకలేదు. లోపాన్ని లోపంగా, బలాన్ని బలంగా చూపగలిగిన పరీక్షను నమ్మవచ్చు.

కొత్త భాషలు, కొత్త చిప్‌లు, వాటి కోసం కొత్త కంపైలర్లు వస్తూనే ఉన్నాయి. సీస్మిత్, సీ-రెడ్యూస్, ఏఎఫ్‌ఎల్ మూడూ ఓపెన్ సోర్స్, ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఎవరైనా నడిపి చూడవచ్చు. కొత్త భాషకు ఫజర్ రాయాలంటే దాని ప్రమాణాన్ని చివరిదాకా చదవక తప్పదు. ఎక్కడ అర్థం తేలలేదో అప్పుడే తెలుస్తుంది. కంపైలర్ కట్టేవాళ్లు ఈ పనిని విడుదలకు ముందు చేసే తంతుగా మిగల్చకుండా, మొదటి రోజు నుంచి రాత్రింబవళ్లు నడిచే పనిగా పెట్టుకోవాలి. తప్పు తన కోడ్‌లోనే ఉందని ప్రోగ్రామర్ నమ్మి వెతుక్కుంటాడు. ఆ నమ్మకాన్ని నిలబెట్టాల్సిన బాధ్యత కంపైలర్ కట్టినవాళ్లది.