వివేకమును తూచు త్రాసు

బుద్ధిని తూచుటకు ముందు త్రాసును పరీక్షింపవలెను. 2011లో అమెరికాలో రిచర్డ్ ఆరమ్, జోసిపా రోక్సా అను సంఘశాస్త్రజ్ఞులు ప్రకటించిన ‘అకడమికల్లీ అడ్రిఫ్ట్’ అను గ్రంథమును చదువునపుడు మాకీ మాటయే మాటిమాటికి స్ఫురించినది.

గ్రంథకర్తలు 24 విద్యాలయములలో 2,300కు పైబడిన విద్యార్థుల ఆలోచనాశక్తిని పరిశీలించిరి. వారు గైకొన్న పరీక్ష మెచ్చదగినదే. వల్లించినదానిని అప్పగింపుమని అది కోరదు. ఒక సంస్థ విమానమును కొనదలచినది. అట్టి విమానమే ఒకటి ఇటీవల కూలినది. పత్రికావార్త, ప్రమాదనివేదిక, ఉత్తరములు మొదలగువానిని ముందుంచి, కొనవచ్చునో కూడదో సాక్ష్యములతో 90 నిమిషములలో వ్రాయుమందురు.

మొదటి రెండేండ్లలో 45 శాతము మందియందు గణనీయమైన అభివృద్ధి కనబడలేదని వారు తేల్చిరి. ఈ సంఖ్య లోకమున గగ్గోలు పుట్టించినది. కాని అభివృద్ధి రుజువు కాలేదనుట వేఱు, అభివృద్ధి లేదనుట వేఱు. ఒక్కొక్క విద్యార్థిని ఏదో యొక వ్రాతనుబట్టి కొలుచునపుడు పొరపాటునకు చోటెక్కువ. స్వల్పలాభము అందులో మరుగుపడును. అలెగ్జాండర్ ఆస్టిన్ ఆ యేడే ఈ సంఖ్యను ఆక్షేపించెను. వివేకమును కొలువబూనిన గ్రంథమును అవివేకముతో చదువుట తగునా?

గ్రంథసారము వేఱొకచోట నున్నది. వారమునకు 40 పుటలకు మించి చదివించి, సెమిస్టరునకు 20 పుటలకు మించి వ్రాయించిన తరగతులలోనివారు ఎక్కువ వృద్ధి నొందిరి. అంత వ్రాయించు తరగతి గడచిన సెమిస్టరులో ఒక్కటియు లేనివారు సుమారు సగముమంది!

ఇది మనకును పాఠమే. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్‌చాన్సలరుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో విచారణ జరిపిన సంఘము, ఒక్క సంస్కరణనే సూచింపవలసివచ్చినచో పరీక్షల సంస్కరణనే సూచింతుమని నొక్కిచెప్పినది. 2020 నాటి జాతీయ విద్యావిధానమును విమర్శనాత్మక ఆలోచనను కోరుచున్నది. అయినను గైడుపుస్తకములోని జవాబును కంఠస్థముచేసినవానికి మార్కులు దక్కుచునే యున్నవి.

క్రొత్త పరీక్షను దిగుమతి చేసికొన్నంత మాత్రమున ఈ దోషము పోదు. పరస్పరవిరుద్ధములగు రెండు సాక్ష్యములను విద్యార్థి కిచ్చి తీర్పు వ్రాయింపుడు; ఆ తీర్పులోని తప్పొప్పులను అంచున గుర్తించి కాగితమును తిరిగి యిండు. అధ్యాపకునకు శ్రమ అధికమగును, నిజమే. రేపు న్యాయస్థానమునను, వైద్యశాలయందును ఈ విద్యార్థులే కదా మన మేలుకీడులను నిర్ణయించువారు! ప్రశ్నించినవానిని గద్దించి కూర్చుండబెట్టు తరగతిలో ఎంత మంచి త్రాసు నుంచినను తూచుటకేమి మిగులును?