విఫలమవడానికీ ఒక పద్ధతి

అమెరికాలో కాపురముంటున్న మనవాళ్ళ ఇళ్ళలో కేబుల్ మోడెం మొరాయిస్తే చాలామంది మొదట చేసే పని, తయారీదారు సైట్‌కి వెళ్ళి కొత్త ఫర్మ్‌వేర్ (మోడెంని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) కోసం వెతకడం. అది సాధారణంగా అక్కడ దొరకదు. మోడెం సొంత డబ్బుతో కొన్నదే అయినా, అందులో ఫర్మ్‌వేర్ ఎక్కించేది కేబుల్ ఆపరేటరే. వీధిలో ఇళ్ళన్నీ ఒకే తీగను పంచుకుంటాయి కాబట్టి ఒక్క మోడెం అడ్డగోలుగా సిగ్నల్ పంపినా ఇరుగుపొరుగుకి ఇబ్బందే. కొన్నవాడికి ఇది మింగుడుపడని సంగతే. అయితే ఆ అప్‌డేట్ దెబ్బతిన్నప్పుడు మోడెం ఎలా ప్రవర్తించాలో రాసిపెట్టినవాళ్ళ పనితనం చూస్తే నాకు మాత్రం ముచ్చటేస్తుంది.

కేబుల్‌ల్యాబ్స్ సంస్థ 1997లో తెచ్చిన డాక్సిస్ ప్రమాణమే దీనికంతటికీ పునాది. కరెంటు ఇవ్వగానే మోడెం తన ఛానెల్ వెతుక్కుంటుంది, ఐపీ అడ్రస్ తెచ్చుకుంటుంది, ఆపరేటర్ సర్వర్ నుంచి ఒక చిన్న కాన్ఫిగ్ ఫైల్ దించుకుంటుంది. అందులో రాసి ఉన్న ఫర్మ్‌వేర్ పేరు తన దగ్గరున్నదానికి భిన్నంగా ఉంటే డౌన్‌లోడ్‌కి దిగుతుంది. ఆపరేటర్ దూరం నుంచి నేరుగా ఆదేశించే దారి కూడా ఉంది.

ఫైల్ వచ్చే దారి టీఎఫ్‌టీపీ. పాతకాలపు పద్ధతి. ఒక బస్తా దింపి సంతకం పెట్టించుకుంటే తప్ప రెండో బస్తా ముట్టుకోని లారీవాడిలా, 512 బైట్లు పంపి, అందాయన్న కబురు వచ్చాకే తర్వాతి ముక్క పంపుతుంది. ఈ సాదా లెక్కన 20 మెగాబైట్ల ఫైల్‌కి నలభై వేల పైచిలుకు జవాబులు మోడెం నుంచి వెనక్కి వెళ్ళాలి. అందుకే డౌన్‌లోడ్ స్పీడ్ బాగానే కనిపిస్తున్న ఇంట్లో కూడా అప్‌డేట్ ఆగిపోవచ్చు. వచ్చే దారి బాగుండి, వెళ్ళే దారి చెడితే జరిగేది అదే.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాతి ఏర్పాటు. ఫైల్ చేరకపోవడం, చేరిన ఫైల్ పనికిరాకపోవడం ఒకటి కాదని ప్రమాణం గుర్తించింది. దారిలో ఆటంకం వస్తే మూడుసార్ల వరకు మళ్ళీ ప్రయత్నించమంటుంది. మొత్తం చేరాక ఫైల్ పాడైనట్టో, ఈ మోడెంకి సరిపడనట్టో తేలితే దాన్ని తిరస్కరించమంటుంది.  రెండు సందర్భాల్లోనూ పాత ఫర్మ్‌వేర్‌తోనే పనిలో కొనసాగాలి. ఇందుకోసం చాలా మోడెంలలో ఫ్లాష్ మెమరీని రెండు భాగాలు చేస్తారు. ఒకదాంట్లో నడుస్తున్నది ఉంటుంది, కొత్తది రెండోదాంట్లోకి వెళ్తుంది. మధ్యలో కరెంటు పోయినా పాతది చెక్కుచెదరదు.

సంతకం తనిఖీలోనూ ఇదే శ్రద్ధ. ఫైల్ మీద తయారీదారు డిజిటల్ సంతకం సరిగ్గా ఉంటేనే చాలదు, సంతకం చేసిన సమయాన్నీ మోడెం చూస్తుంది. తాను గుర్తుపెట్టుకున్న సమయం కంటే అది పాతదైతే, అసలైన సంతకమే అయినా ఒప్పుకోదు. లోపాలున్న పాత కూర్పుని ఎవరూ దొడ్డిదారిన తిరిగి ఎక్కించకుండా వేసిన గడియ ఇది.

ఇదంతా ఇంట్లో కూర్చున్నవాళ్ళకి కొంతవరకు కనిపిస్తుంది కూడా. బ్రౌజర్‌లో 192.168.100.1 కొడితే చాలా మోడెంలు ఈవెంట్ లాగ్ చూపిస్తాయి. 1970 జనవరి 1 తేదీతో ఉన్న వరసలు చూసి కంగారు పడొద్దు, అవి గడియారం సరిదిద్దుకోకముందు రాసుకున్నవి. అప్‌డేట్ గురించిన వరసలో వైఫల్యం డౌన్‌లోడ్‌కి ముందా, మధ్యలోనా, తర్వాతా అన్నది తేల్చి రాసి ఉంటుంది. ముందే అయితే సర్వర్ పలకలేదు, లేదా ఫైల్ అక్కడ లేదు. తర్వాత అయితే ఫైల్‌లోనే తేడా. ఈ రెండూ ఆపరేటర్ సరిదిద్దాల్సినవి. లాగ్ భాష పొడిపొడిగా ఉంటుంది నిజమే. పెట్టె ముందువైపు మాత్రం ఒక్క లైటు మిణుకుతో సరిపెట్టారు, అది నాకు నచ్చదు.

మధ్యలో ఆగిందని ఉంటేనే మన చేతికి పని. మోడెం పేజీల్లోనే కనిపించే డౌన్‌స్ట్రీమ్ పవర్ (వచ్చే సిగ్నల్ బలం) సున్నాకి అటూ ఇటూ 7 డీబీఎంవీ లోపల ఉంటే దిగుల్లేదు. అప్‌స్ట్రీమ్ (వెళ్ళే సిగ్నల్) 50 దాటుతోందంటే మోడెం బాగా గట్టిగా అరవాల్సి వస్తోందన్నమాట. అప్పుడు స్ప్లిటర్ తీసేసి కేబుల్ నేరుగా మోడెంకి పెట్టి చూడాలి. కేబుల్ చివర మోడెంకి బిగించే ఎఫ్ కనెక్టర్‌లో విడిగా పిన్ను ఉండదు, కేబుల్ నడిమి రాగి పూత తీగే పిన్ను. అది వంగినా, పొట్టిదైనా, మరలు రెండు చుట్లు వదులైనా సిగ్నల్ పోతుంది.

ఫ్యాక్టరీ రీసెట్ జోలికి వెళ్ళకపోవడం మేలు. దాంతో ఆపరేటర్ సర్వర్‌లో లేని ఫైల్ పుట్టదు, పైగా చాలా మోడెంలలో లాగ్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ముందు ఆ వరస ఫోటో తీసి, కస్టమర్ కేర్‌కి దాన్ని ఉన్నదున్నట్టు చదివి వినిపించాలి.