పట్టపగటి ఫ్లాష్

కెమెరా నెత్తిన మడిచిపెట్టిన చిన్న ఫ్లాష్‌ను చాలామంది చీకటి పడ్డాకే లేపుతారు. నేను దాన్ని ఎక్కువగా మిట్టమధ్యాహ్నం వాడతాను. ఆ వేళ ఎండ నడినెత్తి మీద పడుతుంది. కనుబొమల కింద, ముక్కు కింద నల్లటి నీడలు దిగుతాయి. తలమీద కొంగు కప్పుకున్న ముసలమ్మకైతే కళ్లే కనపడవు. కళ్లు కనపడని ఫొటోలో ఆ మనిషి లేనట్టే.

రాత్రిపూట ఈ ఫ్లాష్ నుంచి మనం మరీ ఎక్కువ ఆశిస్తాం. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లో దాని గైడ్ నంబరు ఐఎస్‌ఓ 100 దగ్గర దాదాపు 12. దాన్ని ఎపర్చర్ అంకెతో భాగిస్తే వెలుగు ఎన్ని మీటర్లు చేరుతుందో తెలుస్తుంది. ఎఫ్/4 పెడితే 3 మీటర్లు. దూరం రెట్టింపైతే అందే వెలుగు నాలుగో వంతే. అందుకే కల్యాణ మండపంలో చివరి వరుస నుంచి తీస్తే ముందు కుర్చీల్లోని తలలు తెల్లగా వెలిగిపోతాయి, పీటల మీది జంట చీకట్లో ఉండిపోతుంది. ఉప్పల్ స్టేడియం గ్యాలరీలో మెరిసే ఫ్లాష్‌లూ అంతే, పిచ్ దాకా ఏమీ చేరదు. దగ్గరివాళ్లకూ న్యాయం జరగదు. వెలుగు లెన్స్ పక్కనుంచే సూటిగా పోవడంతో ముఖం చదునైపోతుంది. చీకట్లో విచ్చుకున్న కంటిపాపలోంచి వెళ్లి, లోపలి రక్తనాళాల పొరను తాకి తిరిగి లెన్స్‌లోకే వస్తుంది. కళ్లు ఎర్రగా పడేది అందుకే.

పగటి లెక్క వేరు. అసలు వెలుగు సూర్యుడిది, ఫ్లాష్ నీడల్ని కాస్త పలచన చేస్తే చాలు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఫ్లాష్ వేస్తే చాలా కెమెరాల్లో షట్టర్ వేగం సెకనులో 200వ వంతు దగ్గరే ఆగిపోతుంది. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100 పెట్టినా ఎపర్చర్‌ను ఎఫ్/11 దాకా మూయక తప్పదు. అప్పుడు ఫ్లాష్ పూర్తిగా పనిచేసేది మీటరు పైచిలుకు దూరమే. ఐఎస్‌ఓ పెంచి లాభం లేదు, ఎపర్చర్ ఇంకా మూయాల్సి వస్తుంది. నీడ పూర్తిగా పోనక్కర్లేదు కనుక ఒకటిన్నర మీటరు వరకూ ఫలితం ఉంటుంది. కాబట్టి మనిషి దగ్గరికి నడవాలి. దగ్గరికి వెళ్తే నాలుగు మాటలు కలుస్తాయి, ఆ మాటల మధ్య ముఖం విచ్చుకుంటుంది. ఈ పద్ధతి మీద నాకున్న ఇష్టానికి సగం కారణం అదే.

చెట్టు నీడలో తీసేటప్పుడు ఫ్లాష్ కాంపెన్సేషన్ మైనస్ ఒకటికి దించండి, ఫ్లాష్ వేసినట్టే తెలియదు. లెన్స్ హుడ్ తీసేయండి, లేకపోతే ఫొటో అడుగున దాని నీడ పడుతుంది.

రాత్రి తప్పదనుకుంటే స్లో సింక్ పెట్టండి. షట్టర్ కాసేపు తెరిచి ఉండి మండపం దీపాలు కూడా ఫొటోలోకి వస్తాయి. హారతి ముందు మాత్రం ఫ్లాష్ వద్దే వద్దు. ఆ వెలుగే కదా మనం ఫొటో తీయాల్సింది.

కొత్తగా వస్తున్న మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటికి ఈ ఫ్లాష్ ఉండటం లేదు. మీ బీరువాలో పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఉంటే అమ్మేయకండి. ఈ ఎండాకాలం ఇంట్లో పెద్దవాళ్లను వాకిట్లో నిలబెట్టి, ఫ్లాష్ లేకుండా ఒకటి, ఫ్లాష్‌తో ఒకటి తీసి చూడండి.