హీలియోస్ 44-2: వేళ్లకు తెలిసే దూరం

మాన్యువల్ ఫోకస్ ప్రైమ్ లెన్స్ అంటే, మారని ఒకే నాభ్యంతరం కలిగి, ఫోకస్‌ను మోటారుకు కాక ఛాయాగ్రాహకుని వేళ్లకు అప్పగించే కటకం. ఈ కోవకు చెందిన పాత కటకాలలో నేటికీ విరివిగా వాడుకలో ఉన్నది సోవియట్ కాలపు హీలియోస్ 44-2. జర్మనీలోని యేనా నగరంలో కార్ల్ జైస్ సంస్థ తయారుచేసిన బయోటార్ నమూనాను అనుసరించి, మాస్కో సమీపాన క్రాస్నోగోర్స్క్ కర్మాగారంలో మొదలైన ఈ 58 మిల్లీమీటర్ల శ్రేణి, జెనిట్ కెమెరాలతో పాటు లక్షల సంఖ్యలో దేశదేశాలకు చేరింది.

దీనికి పేరు తెచ్చింది నేపథ్యంలో కనిపించే సుడి. కాంతి ప్రవేశించే రంధ్రమైన అపెర్చర్‌ను పూర్తిగా, అంటే ఎఫ్/2 వద్ద తెరిచినప్పుడు, ఏటవాలుగా వచ్చే కాంతిలో కొంత భాగాన్ని లెన్స్ గొట్టమే అడ్డుకోవడం వల్ల, చిత్రం నడుమ గుండ్రంగా ఉండే వెలుగు బిళ్లలు అంచుల్లో కోలగా సన్నబడి, కేంద్రం చుట్టూ వరుసతీరినట్లు కనిపిస్తాయి. వెనుక ఆకుల సందుల్లోంచి వెలుగు పడుతున్నప్పుడు ఇది స్పష్టంగా తెలుస్తుంది, ఎఫ్/5.6 దాకా మూస్తే దాదాపు మాయమవుతుంది. అయితే ఈ సుడి కోసమే హీలియోస్‌ను కోరుకోవడం దాని విలువను బాగా తగ్గించడమే.

అసలు విలువ దాని ప్రీసెట్ అపెర్చర్‌లో, ఫోకస్ రింగ్‌లో ఉంది. రెండు అపెర్చర్ రింగులలో ఒకటి కావలసిన హద్దును ముందే నిర్ణయిస్తే, రెండోది పూర్తి తెరుపుకూ ఆ హద్దుకూ మధ్య మెట్లు లేకుండా సాఫీగా తిరుగుతుంది కనుక, ఛాయాగ్రాహకుడు మంచి వెలుతురులో ఫోకస్ కుదుర్చుకొని, కన్ను తీయకుండానే హద్దు దాకా మూసి, షట్టర్ నొక్కగలుగుతాడు. హద్దును ఎఫ్/2 వద్దనే ఉంచి, ఈ లెన్స్ అనుమతించే అతి తక్కువ దూరమైన అర మీటరు నుంచి ముఖాన్ని చిత్రిస్తే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో స్పష్టంగా వచ్చే లోతు ఒక సెంటీమీటరైనా ఉండదు. కనురెప్ప కుదిరితే చెవి చెదురుతుంది. అందువల్ల ఏది స్పష్టంగా ఉండాలన్న నిర్ణయం చిత్రం తీసే ముందే, మనిషే చేయవలసి వస్తుంది. సాధన పెరిగేకొద్దీ దూరాన్ని కన్ను అంచనా వేసేలోపే వేళ్లు రింగును సరైన చోటికి తిప్పడం నేర్చుకుంటాయి.

నేటి మిర్రర్‌లెస్ కెమెరాలకు దీన్ని గాజు లేని బోలు అడాప్టర్‌తో తగిలించవచ్చు. స్పష్టమైన అంచులను రంగు గీతలతో చూపే ఫోకస్ పీకింగ్ ఉపయోగకరమే అయినా, తెరిచిన అపెర్చర్ వద్ద అది ఉన్నదానికన్నా ఎక్కువ భాగాన్ని స్పష్టమైనదిగా చూపుతుంది కాబట్టి, దృశ్యాన్ని పెద్దది చేసి చూడడమే నమ్మదగిన పద్ధతి. పాత లెన్స్ కొనేవారు గాజులోని ధూళి రేణువులను వెతుకుతారు గాని, అవి చిత్రంలో చాలావరకు కనిపించవు. గ్రీజు ఎండిపోయి ఫోకస్ రింగ్ బిగుసుకుపోయిందేమో ముందుగా తిప్పి చూడాలి.