చప్పుడు పోగొట్టిన చేయి

నల్లగొండ నుంచి కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరేదాకా మా పాత మారుతి 800 నోరెత్తలేదు. ఊళ్లోకి వచ్చి క్లాక్ టవర్ దగ్గర బండ్ల మధ్య ఆగగానే బానెట్ కింద గరగర మొదలైంది. కాసేపు మోగి ఆగింది, మళ్లీ మోగింది. ఇంజిన్ పోయిందనే అనుకున్నాను.

దగ్గర్లోని ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డుకు తీసుకుపోయాను. యాభై దాటిన మనిషి. కుర్రాళ్లంతా ఆయన్ని ఉస్తాద్ అంటున్నారు. బానెట్ లేపకముందే ఒక ప్రశ్న వేశాడు. "నడిచేటప్పుడు రాలే, నిలబడ్డంక వచ్చింది, అంతేనా సార్?" అవునన్నాను. "అయితే ఇంజినుది కాదు. ఫ్యానుది."

ఆ ఒక్క ప్రశ్నలో ఎంత విద్య ఉందో తర్వాత తెలిసింది. బండి వేగంగా పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యానుతో పెద్దగా పని ఉండదు. ఆగినప్పుడు గాలి ఉండదు, నీళ్లు వేడెక్కుతాయి, థర్మో స్విచ్ కలుస్తుంది, 12 వోల్టుల మోటారు తిరుగుతుంది. అంబాసిడర్‌లో ఫ్యానును బెల్టు తిప్పుతుంది కాబట్టి ఇంజిన్ ఆడినంతసేపూ అదీ తిరుగుతుంది. మారుతిలో ఇంజిన్‌ను అడ్డంగా కూర్చోబెట్టారు. అందుకే ఫ్యానుకు సొంత మోటారు పెట్టారు. చప్పుడు ఎప్పుడు వస్తుందో చెబితే చాలు, ఎక్కడి నుంచి వస్తుందో ఆయనకు తెలిసిపోతుంది.

ముందు బ్యాటరీ టెర్మినల్ ఊడదీయించాడు. ఇంజిన్ ఆపినా కొన్ని బండ్లలో ఈ ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది, వేళ్లు దక్కవు. తర్వాత రెక్కను చూపుడువేలితో మెల్లగా తిప్పాడు. రెండు వేళ్లతో పట్టి ముందుకీ వెనక్కీ, పక్కలకీ ఊపాడు. ఒక్కో జబ్బుకు ఒక్కో గొంతు ఉంటుందట. కిచకిచమంటే ఇరుసు తిరిగే బుష్‌లో నూనె ఎండింది. టకటకమంటే రెక్క ఏ వైరుకో, చుట్టూ ఉన్న తొడుగుకో తగులుతోంది. బండి మొత్తం అదిరితే రెక్క ముక్క విరిగి తూకం తప్పింది. గరగరమంటే బుష్ అరిగి, లోపల తిరిగే తీగచుట్ట, అంటే ఆర్మేచర్, చుట్టూ ఉన్న అయస్కాంతాలకు రాసుకుంటోంది. "చూడండి సార్, ప్లే వచ్చింది" అని నా వేలిని రెక్క మీద పెట్టించాడు. గోరంత కదలిక. చప్పుడు పుట్టడానికి ఆ గోరంతే చాలు.

కొత్త మోటారు తెచ్చి బిగిస్తే అరగంట పని. ఆయన అలా చేయలేదు. ఫ్యాను దించి, మోటారు మూత విప్పేముందు మూతకూ డొల్లకూ కలిపి సూదిమొనతో గీత గీశాడు. మళ్లీ బిగించేటప్పుడు ఆ రెండు గీతలూ కలవాలి. అయస్కాంతాలు లాగి పట్టుకుంటాయి కాబట్టి ఆర్మేచర్‌ను వంకర పోకుండా తిన్నగా బయటికి తీశాడు. దాని చివర రాగి పట్టీలతో ఉండే కమ్యుటేటర్ నల్లబడి ఉంది. సన్న ఎమరీ కాగితం చుట్టి, వేళ్ల మధ్య తిప్పుతూ రాగి రంగు తేలేదాకా తుడిచాడు. రాగి పట్టీల మధ్య సందుల్లో పేరుకున్న కార్బన్ పొడిని సాన పెట్టిన రంపం బ్లేడు ముక్కతో ఒక్కో సందూ గీకాడు. ఆ పొడి మిగిలితే పట్టీకి పట్టీకి కరెంటు దూకుతుంది. కమ్యుటేటర్‌కు ఆనుకుని కరెంటు అందించే కార్బన్లు సగానికి పైగా అరిగాయి, మార్చాడు. పాత బుష్‌ను దెబ్బ కొట్టకుండా వైస్‌లో నొక్కి బయటికి తోశాడు. కొత్త బుష్ గంట ముందు నుంచే నూనె గిన్నెలో నానుతోంది. దానికి కంటికి కనిపించని సందులుంటాయి. వాటిలోకి ఇంకిన నూనే దాని ఆయుష్షు.

బిగింపులో అసలు నేర్పు చూశాను. స్ప్రింగులు తోస్తున్న కార్బన్ల మధ్యకు కమ్యుటేటర్ పోవాలి, కార్బన్ అంచు పగలకూడదు. సన్న తీగతో కార్బన్లను వెనక్కి పట్టి, ఆర్మేచర్ కూర్చున్నాక తీగను లాగేశాడు. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాడు. బండికి బిగించాక చివరి పరీక్ష చేశాడు. రేడియేటర్ ముందు ఒక కాగితం ముక్క పట్టాడు. అది జాలీకి అతుక్కుంది. వైర్లు తారుమారైతే ఫ్యాను వెనక్కి తిరిగి కాగితాన్ని ఎగరగొడుతుంది, చప్పుడు లేకుండానే బండి మరుగుతుంది.

అప్పుడు కూడా ఆయన చేతులు కడుక్కోలేదు. "ఫ్యాను గింత ఎందుకు తిరుగుతుందో చూడాలె" అని చల్లబడ్డ రేడియేటర్ మూత తీశాడు. లోపల తెల్లటి పొక్కు. "బోరు నీళ్లు పోస్తుండ్రా?" పోస్తున్నాను మరి. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఆ నీటిని బాగుచేసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. రేడియేటర్‌కు చేటు చేసేది మాత్రం ఫ్లోరైడ్ కాదు. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి గొట్టాల లోపల గట్టిపడతాయి. గొట్టం వేడిని వదలదు, ఫ్యాను ఎక్కువసేపు తిరుగుతుంది, బుష్ ముందే అరుగుతుంది. గరగరకు మూలం నేను ఏళ్లుగా పోసిన బిందెల్లో ఉంది.

ఇంత ఓపిగ్గా బాగుచేసిన ఈ బండి ఇప్పుడు కొత్తగా దొరకదు. మారుతి 800 మొదటి బండి తాళాలు 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా యజమానికి అందాయి. 2010 ఏప్రిల్ నుంచి కాలుష్య నిబంధనల వల్ల హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో దీని అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. అయినా ఏపీ 22, ఏపీ 24 నంబర్లతో ఈ బండ్లు మహబూబ్‌నగర్, నల్లగొండ రోడ్ల మీద ఇంకా కనిపిస్తున్నాయంటే ఆ గొప్ప ఇలాంటి చేతులది. పాడైనదేదో తేల్చుకుని దాన్నే మార్చడం, బాగున్నదాని జోలికి పోకపోవడం, జబ్బుతో పాటు జబ్బు కారణాన్నీ వెతకడం మంచి పనితనానికి గుర్తులు. ఆ మధ్యాహ్నం ఆ షెడ్డులో ఈ మూడూ చూశాను.

మీ ఇంట్లోనూ పాత కారు ఉంటే ఎండలు ముదరకముందే ఒకసారి దాన్ని నిలబెట్టి, ఫ్యాను తిరిగేదాకా ఆగి వినండి. గరగర వినిపిస్తే పాటల చప్పుడు పెంచి కప్పిపెట్టకండి. బోరు నీళ్లు మానేసి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి. బుష్ మార్చగల ఉస్తాద్ మీ ఊళ్లో ఉంటే, కొత్త మోటారు కొనేముందు ఆయన్ను అడగండి.