చెరిపిన అక్షరాల బిళ్ల

నిలువు మూడున్నర సెంటీమీటర్లు, అడ్డం రెండున్నరకు లోపే. పాత సున్నపు గోడ రంగు. రాళ్లు పొదగలేదు, మెరుగు పెట్టలేదు. దారిలో పడి ఉంటే సుద్దముక్క అనుకుని దాటిపోతాం. థాయిలాండ్‌లో మెడలో ధరించే రక్షబిళ్లలకు మాత్రం ఇదే మహారాజు. పేరు ఫ్రా సొమ్డెట్. ఐదు ప్రఖ్యాత బిళ్లల కూటమిని అక్కడ ‘బెంజఫాఖీ’ అంటారు. అందులోని ‘బెంజ’ మన ‘పంచ’మే. ఆ ఐదింటిలో పెద్దపీట దీనిదే. మేలిరకం బిళ్ల చేతులు మారిందంటే కోట్ల బాత్‌ల మాట.

దీని పుట్టిల్లు బ్యాంకాక్‌లో చావో ఫ్రాయా నది పడమటి ఒడ్డున ఉన్న వాట్ రఖాంగ్, అంటే గంటల గుడి. అక్కడి పెద్ద భిక్షువు పేరు ‘తో’ (1788–1872). ఆయనకు 1864లో దక్కిన ‘సొమ్డెట్’ హోదాయే బిళ్లకు పేరయింది. భిక్షాటనకు వెళ్లిన చోట అన్నం పెట్టినవాళ్ల చేతిలో వీటిని ఊరికే పెట్టి వచ్చేవాడని చెప్పుకుంటారు.

సామగ్రి చూస్తే అంతా వంటింట్లోదీ పూజగదిలోదీ. గుల్ల సున్నం, అన్నం, అరటిపండు, దేవుడి ముందు వాడి ఎండిన పూలు, అగరొత్తుల నుసి. అన్నిటినీ దంచి, టంగ్ గింజల నూనె పోసి ముద్ద చేస్తారు. సున్నం ఆరేకొద్దీ బిగుస్తుంది. బిగుసుకుంటూ పగిలిపోకుండా నూనె పట్టి ఉంచుతుంది.

వీటిలో కలిపే ఇంకో పొడి ఉంది. అసలు పని అక్కడే. భిక్షువు బలపంతో పలక మీద యంత్రాక్షరాలు రాస్తాడు. రాస్తూ మంత్రం చదువుతాడు. చెరిపేస్తాడు. మళ్లీ రాస్తాడు, మళ్లీ చెరుపుతాడు. రాలిన పొడి పోగవుతుంది. ఆ పొడినే మళ్లీ బలపంగా చేసి రెండో వరస మంత్రాలు రాస్తాడు. ‘పతమంగ్’ అనే వరసతో మొదలుపెట్టి అలా ఐదు వరసలు. అందుకే చివరికి మిగిలే చిటికెడు పొడిలో రాతమీద రాత, చెరుపుమీద చెరుపు ఉంటాయి. ఆ లిపి పేరు ఖోమ్. ఖ్మేర్ లిపి నుంచి వచ్చింది, దాని మూలం దక్షిణ భారతపు పల్లవ లిపి. ఆ లెక్కన మన తెలుగు అక్షరాలకు దూరపు చుట్టమే.

ఇక బిళ్ల ముఖాన ఉన్న బొమ్మ. అచ్చు చెక్కింది రాజాస్థానపు స్వర్ణకారుడు లువాంగ్ విచాన్ చియరనై అంటారు. చెయ్యి తిరిగినవాడు చూపిన పొదుపు చూడండి. మూడు మెట్ల పీఠం. దాని మీద కాళ్లు మడిచి కూర్చున్న బుద్ధుడు. చుట్టూ ఒకే గీతగా వంగిన కమాను, దాన్ని ‘గాజు మూత’ అంటారు. బుద్ధుడి ముఖం కోడిగుడ్డులా నున్నగా ఉంటుంది. కళ్లు లేవు, ముక్కు లేదు, పెదవులు లేవు. భుజాల నుంచి దిగిన చేతులు ఒడిలో కలిసి తీగలా చుట్టుకుంటాయి. అయినా అది ధ్యానమని ఎవరూ చెప్పక్కర్లేదు. పీఠం మెట్లు మూడూ ఒక్కలా ఉండవు. అడుగుది మొద్దులా బరువుగా, నడిమిది చివర్లలో సింహపాదంలా వంపు తిరిగి, పైది సన్నగా. బరువు కింద నుంచి పైకి తేలికవుతూ వచ్చి తల మీది మొనలో ముగుస్తుంది.

అచ్చు ఒత్తాక అంచులు కోస్తారు. పచ్చి ముద్ద కదా, వెనక అంచు చిరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి అన్నం, అరటి కుంచించుకుపోయి సన్నని గుంటలు పడతాయి. వాటిలో ఒక రకానికి ‘పీత పాకిన జాడ’ అనీ, మరో రకానికి ‘పురుగు తొలిచిన జాడ’ అనీ పేర్లు పెట్టుకున్నారు. మరో వస్తువుకైతే ఇవి లోపాలు. ఇక్కడ అసలుకీ నకిలీకీ తేడా చెప్పే సాక్ష్యాలు.

ఇదంతా ఎందుకంటే, థాయి ఊళ్లలో రక్ష అనేది నిత్యావసరం. నేలకొక కాపరి ఉంటాడు. అతని పేరు ఫ్రా ఫూమ్, ఆ ‘ఫూమ్’ మన భూమే. ఇల్లు కడితే ఆయనకూ ఒంటికాలి స్తంభం మీద బొమ్మరిల్లంత గుడి కడతారు. పెద్ద ఇంటి నీడ దాని మీద పడకూడదు. పూలు, అగరొత్తులు, నీళ్లు, ఒక్కోసారి ఎర్రటి సోడా సీసా కూడా పెడతారు. నేలను ఆయన చూసుకుంటే, గడప దాటిన మనిషి వెంట మెడలోని బిళ్ల వెళుతుంది. లోహపు రేకు మీద యంత్రం రాసి చుట్టచుట్టే తక్రుత్ కూడా ఉంది. మన రక్షరేకు ఎరిగినవాళ్లకు అది కొత్త కాదు. అయితే ధరించినవాడు శీలం తప్పితే ఏ రక్షా పనిచేయదని భిక్షువులు హెచ్చరిస్తూనే ఉంటారు.

ఈ బిళ్లను ‘కొన్నాను’ అనరు, ‘అద్దెకు తెచ్చుకున్నాను’ అంటారు. బుద్ధుణ్ణి కొనడమేమిటని. బ్యాంకాక్‌లో రాజప్రాసాదానికి దగ్గర్లో ఉన్న థా ఫ్రా చాన్ సంతలో భూతద్దం కంటికి ఆనించి ఒక్కో బిళ్లనూ గంటలకొద్దీ చదువుతారు. పీత జాడ దొరుకుతుంది, సింహపాదపు వంపు దొరుకుతుంది. పలక మీద నుంచి రాలిన ఆ అక్షరాలు మాత్రం ఎంత పెద్ద అద్దానికీ అందవు.